రాట్నానికీ ఓ టైటిల్ కార్డు

సినిమా అయిపోయి రోలింగ్ టైటిల్స్ మొదలవగానే హాలు సగం ఖాళీ అయిపోతుంది. జూబ్లీ హిల్స్ చుట్టుపక్కల హాళ్లలో మాత్రం వెనక వరసల్లో కొందరు కదలకుండా కూర్చుని ఉంటారు. కృష్ణానగర్ నుంచో యూసుఫ్‌గూడ నుంచో ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వచ్చిన వడ్రంగో, లైట్‌మనో అయి ఉంటాడు. తెర మీద అక్షరాలు పైకి పాకుతుంటే అతని కళ్లూ వాటి వెంటే పాకుతాయి. చివరికి ఒకచోట అతని వేలు లేస్తుంది. పక్కనున్న పిల్లవాడు 'నాన్నా, నీ పేరే' అని గట్టిగా అరుస్తాడు. రెండు సెకన్లలో ఆ పేరు పైకి వెళ్లిపోతుంది. అప్పుడు లేస్తారు వాళ్లు.

తెలుగు సినిమాలో పని చేసేవాళ్లందరినీ కలిపి ఇరవై నాలుగు క్రాఫ్ట్స్ అంటారు. దర్శకుడి పేరు ఎక్కడ పడాలి, ఎంత పెద్ద అక్షరాల్లో పడాలి అని పెద్దవాళ్లు పట్టుబట్టడం మనకు తెలిసిందే. ట్రాలీ పట్టాలు పరిచిన మనిషికీ, ప్లాస్టర్ బొమ్మకు రంగు వేసిన మనిషికీ కూడా ఆ పట్టింపు ఉంటుంది. పని చేసిన చేతికి పేరుండాలన్న మర్యాదను మన సినిమా నేర్చుకుంది. ఎంత బాగా పాటిస్తున్నదన్నది వేరే ముచ్చట. మర్యాద ఉన్న మాట మాత్రం నిజం.

ఇప్పుడు ఊరికి దక్షిణం వైపు వెళదాం. సెలవు రోజు పొద్దున జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు మీదుగా పిల్లల్ని ఎక్కించుకున్న కార్లు ఔటర్ రింగ్ రోడ్డు దారి పడతాయి. 158 కిలోమీటర్ల ఆ రింగులో రావిర్యాల దగ్గర దిగితే, 2016లో తెరిచిన వండర్‌లా వినోద పార్కు ఉంటుంది. అక్కడ రికాయిల్ అని ఓ రోలర్ కోస్టర్ ఉంది. ఎక్కినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎక్కనివాళ్ల కోసం నాలుగు మాటలు. రైలును ముందు వెనక్కి లాగుతారు. వీపు ఆకాశం వైపుకి, ముఖం నేల వైపుకి తిరుగుతాయి. స్టేషన్ కిందికి జారిపోతూ కనిపిస్తుంది. పైన ఒక్క క్షణం అంతా ఆగిపోతుంది. తరవాత వదిలేస్తారు. వచ్చిన దారినే స్టేషన్‌ను చీల్చుకుంటూ పోయి, పాము పడగ చుట్టిన వంపులో రెండుసార్లు, నిలువు చక్రంలో ఒకసారి తలకిందులై, అవతలి ఎత్తు ఎక్కి ఆగుతుంది. ఊపిరి పీల్చుకునే లోపే అదే దారిన వెనక్కి. మళ్లీ మూడుసార్లు తలకిందులు. మొత్తం ఆరు.

దిగాక పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పుకుంటారు. కాళ్లు వణుకుతుంటాయి, ముఖాలు వెలిగిపోతుంటాయి. రెండు నిమిషాల్లో ఒక సినిమా చూసినంత అనుభవం. మొదట నెమ్మదిగా ఊరించడం, ఎత్తులో ఓ నిశ్శబ్దం, హఠాత్తుగా పడిపోవడం, మధ్యలో విరామం, రెండో సగంలో అదే కథ తిరగబడి రావడం. స్క్రీన్‌ప్లే తెలిసిన మనిషి ఎవరో కూర్చుని రాసినట్టే ఉంటుంది. నిజంగానే ఎవరో కూర్చుని రాశారు. వాళ్ల పేరు ఎక్కడా లేదు. కనీసం ఎక్కినవాడి కంటికి కనపడే చోట లేదు.

రికాయిల్ అసలు నమూనా పేరు బూమరాంగ్. నెదర్లాండ్స్‌లోని వెకోమా అనే సంస్థ తయారుచేసింది. 1980ల నుంచి ఇప్పటికి ప్రపంచం నలుమూలలా యాభైకి పైగా ఇలాంటివే నిలబెట్టింది. ముప్ఫై అయిదు మీటర్ల పైచిలుకు ఎత్తు, మూడు వందల మీటర్లు కూడా లేని పట్టా. తక్కువ జాగాలో ఎక్కువ భయం పుట్టించే లెక్క అది. వెకోమా పుట్టుక ఇంకా ఆసక్తికరం. 1926లో హెండ్రిక్ ఒప్ హెట్ వెల్డ్ అనే ఆయన పెట్టిన ఆ కార్ఖానాలో మొదట తయారైనవి వ్యవసాయ పనిముట్లు. తరవాత బొగ్గు గనులకు ఇనుప సామాను చేశారు. 1960లలో ఆ దేశంలో గనులు మూతపడటం మొదలైంది. ఇనుప గొట్టాలను వంచడం తెలిసిన చేతులకు పని కావాలి. గొట్టాలే పట్టాలయ్యాయి. గనిలోకి మనిషిని దింపిన నేర్పు, మనిషిని ఆకాశంలోకి ఎత్తి వదిలే నేర్పుగా మారింది. 2018లో ఆ సంస్థను కొన్నది జపాన్‌కు చెందిన సాన్‌సెయ్. నాటకశాలల్లో రంగస్థలాన్ని పైకి లేపే, తిప్పే యంత్రాలు చేయడం ఆ సంస్థ వృత్తి. నాటకం, రాట్నం ఒకే ఇంటికి చేరాయన్నమాట. సురభి వారు తీగల మీద ఘటోత్కచుణ్ణి ఎగరేస్తుంటే నోరు తెరుచుకుని చూసిన మనకు ఆ చుట్టరికం అర్థమవుతుంది.

పడిపోతామన్న భయాన్ని ఆటగా మార్చుకోవడం మనిషికి కొత్త కాదు. అట్లతద్ది నాడు చింత కొమ్మకు కట్టిన ఉయ్యాల ఎత్తుకు ఎత్తు పోతుంటే ఆడపిల్లల కడుపులో చల్లగా ఏదో జారేది. ఆ జారడమే ఇదీ. రోలర్ కోస్టర్ జాతకం రాయాలంటే మాత్రం రష్యాలో మొదలుపెట్టాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్ చలికాలంలో చెక్కతో గుట్టలు కట్టి, మీద నీళ్లు పోసి గడ్డకట్టించి, జనం జారేవాళ్లు. ఆ సరదా ఫ్రాన్స్‌కు పాకి, 1817 నాటికి పారిస్‌లో చక్రాల బళ్లుగా మారింది. అందుకే ఫ్రెంచివాళ్లు నేటికీ దీన్ని రష్యన్ కొండలు అంటారు. రష్యన్లు మాత్రం అమెరికన్ కొండలు అంటారు. ఒక ఆటను కన్న ఊరే దాన్ని పరాయి ఊరి పేరుతో పిలుస్తున్నదంటే, ఈ విద్యలో పేర్లు ఎంత సులువుగా చెరిగిపోతాయో చూడండి.

1884 జూన్‌లో న్యూయార్క్ కోనీ ఐలాండ్ సముద్రపు ఒడ్డున లామార్కస్ థాంప్సన్ అనే వ్యాపారి స్విచ్‌బ్యాక్ రైల్వే తెరిచాడు. అంతకు ముందు ఆయన మేజోళ్లు నేయించి అమ్మేవాడు. సారా దుకాణాల చుట్టూ తిరిగే జనానికి మర్యాదైన వినోదం చూపాలన్నది ఆయన తపన. టికెట్ అయిదు సెంట్లు. వేగం గంటకు పది కిలోమీటర్లు. మన జూబ్లీ హిల్స్ రోడ్డు నంబర్ 36లో సాయంత్రం ట్రాఫిక్ కూడా దాదాపు అదే వేగంతో కదులుతుంది. అయినా జనం విరగబడ్డారు. ఒక కొసకు చేరాక అందరూ దిగాలి, బండిని పక్క పట్టా మీదికి మార్చాలి, మళ్లీ ఎక్కాలి. తరవాత ఆయన పట్టాల వెంట రంగులేసిన పర్వతాలు, గుహలు, దీపాల వరసలు పెట్టి దృశ్య రైలు మార్గం అన్నాడు. సెట్ వేయడమే అది. కోస్టర్‌కు కళా దర్శకుడి అవసరం ఉందని మొదట గ్రహించినవాడు థాంప్సన్.

వేగం పెరిగాక ప్రమాదమూ పెరిగింది. 1895లో అదే కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఓ ఆట వచ్చింది. బండి నిలువు చక్రంలో గిర్రున తిరుగుతుంది. చక్రం కచ్చితమైన వృత్తం. అక్కడే వచ్చింది చిక్కు. తిన్నగా దూసుకొచ్చిన బండి ఒక్కసారిగా వృత్తంలోకి దూరేసరికి మెడ మీద మనిషి బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడి పడేది. మెడలు పట్టేసేవి. ఎక్కేవాళ్ల కంటే నిలబడి చూసేవాళ్లు ఎక్కువయ్యారు. 1901లో ఎడ్విన్ ప్రెస్కాట్ చక్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి సాగదీసి కొంత మేలు చేశాడు. అయినా తలకిందుల ఆట దశాబ్దాల పాటు మూలన పడింది.

నిలువు చక్రాన్ని మళ్లీ లేపి నిలబెట్టింది ఇద్దరు జర్మన్లు. బవేరియాలో ఓ చిన్న ఊళ్లో, తిరునాళ్లకు తిరిగే ఆటలవాళ్లకు బళ్లు చేసిపెట్టే కుటుంబంలో పుట్టినవాడు అంటన్ ష్వార్జ్‌కాఫ్. వెర్నర్ స్టెంగెల్ లెక్కల మనిషి, ఇంజినీరు. ఒకరి చేయి, ఇంకొకరి కాగితం. వాళ్లు కలిసి 1976లో కాలిఫోర్నియాలో రివల్యూషన్ అనే కోస్టర్‌ను నిలబెట్టారు. చక్రాన్ని వృత్తంలా కాక నీటిబొట్టును తలకిందులు చేసినట్టు వంచారు. కింద వంపు విశాలం, పైకి పోయేకొద్దీ బిగువు. బండి ఎక్కువ వేగంతో ఉన్న చోట వంపు మెత్తగా, వేగం తగ్గిన చోట వంపు గట్టిగా. శరీరానికి బరువు క్రమంగా తెలుస్తుంది తప్ప దెబ్బలా తగలదు. స్టెంగెల్ ఈ వంపును గాలిలోంచి పుట్టించలేదు. రైలు పట్టా తిన్నదనం నుంచి మలుపులోకి తిరిగేటప్పుడు కుదుపు లేకుండా ఇంజినీర్లు ఎప్పటి నుంచో వాడుతున్న గీత అది. రోడ్లవాళ్లూ వాడతారు. ఔటర్ రింగ్ రోడ్డు నుంచి ర్యాంపు మీదుగా దిగుతున్నప్పుడు స్టీరింగును ఒక్కసారి కాక కొంచెం కొంచెంగా తిప్పుతాం కదా, ఆ సున్నితం వెనకా అలాంటి గీతే ఉంటుంది. ఆ గీతను నిలువుగా లేపి ఆకాశానికి ఆనించాడు స్టెంగెల్. ఆయన చేయి పడిన కోస్టర్లు అయిదు వందల పైమాటే. ష్వార్జ్‌కాఫ్ కథ అంత సుఖాంతం కాదు. 1983లో ఆయన కంపెనీ దివాలా తీసింది. ఆయన తీర్చిన పట్టాల మీద మాత్రం జనం ఇంకా కేకలు వేస్తూనే ఉన్నారు.

నా మనసు ఎక్కువగా ఆగేది వీళ్లిద్దరి దగ్గర కూడా కాదు, జాన్ మిల్లర్ దగ్గర. పంతొమ్మిదేళ్లకే థాంప్సన్ దగ్గర పనిలో చేరిన కుర్రాడు. వందకు పైగా పేటెంట్లు తీసుకుని 1941లో పోయాడు. కోస్టర్ ఎత్తు ఎక్కుతున్నప్పుడు కింద టక్ టక్ టక్‌మని ఓ చప్పుడు వస్తుంది. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఓ కొక్కెం పంటి తరవాత పంటిలో పడుతున్న చప్పుడు అది. మిల్లర్ తీర్చిదిద్దిన ఏర్పాటు. ఆ చప్పుడు వింటుంటే మనకు గుండె దడ. నిజానికి ఆ ప్రతి టక్కూ 'నిన్ను పడనివ్వను' అన్న హామీ. 1919లో ఆయనే పట్టా కింద కూడా చక్రం పెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. పైన ఓ చక్రం, పక్కన ఓ చక్రం, కింద ఓ చక్రం. బండి పట్టాను పిడికిలితో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఎత్తు శిఖరం దాటేటప్పుడు సీట్లోంచి మనం లేచిపోతాం, బండి మాత్రం లేవదు. ఇవాళ లోకంలో నిటారుగా పడే ప్రతి కోస్టరూ ఆ కింది చక్రం పుణ్యమే. ఎంతమందికి తెలుసు ఆయన పేరు? ఒక హీరో సినిమాలో రెండో పాటలో ఎవరు కోరస్ పాడారో చెప్పగల మనం, మన పిల్లల ప్రాణాన్ని పట్టుకున్న చక్రం ఎవరిదో అడగం.

ఉక్కు గొట్టాన్ని పట్టాగా వంచిన పుణ్యం యారో అనే చిన్న కార్ఖానాది. కార్ల్ బేకన్, ఎడ్ మోర్గన్ దాని పెద్దలు. అప్పటిదాకా కోస్టర్లంటే ప్రధానంగా చెక్క కట్టడాలు. 1959లో వాల్ట్ డిస్నీ కోసం మాటర్‌హార్న్ పర్వతం చుట్టూ వాళ్లు గొట్టపు పట్టా వేశారు. ఆ సంస్థలోనే రాన్ టూమర్ అనే ఇంజినీరు 1975లో కార్క్‌స్క్రూ అనే కోస్టర్‌ను తీర్చాడు. కోట్లమందిని తలకిందులు చేసిన ఆ టూమర్‌కు కళ్లు తిరిగే జబ్బు. తాను చేసిన ఆటలు తాను పెద్దగా ఎక్కలేకపోయేవాడు. ఇతరుల సంతోషాన్ని తాను అనుభవించలేక, ఊహించి మాత్రమే కట్టిన మనిషి. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి కోస్టర్‌ను చూస్తే నాకు ముందు ఆయనే గుర్తుకొస్తాడు.

డిస్నీ పేరు వచ్చింది కనుక ఫిల్మ్ నగర్‌కు తిరిగి రావచ్చు. సినిమా, ఈ ఆటలు ఒక తల్లి పిల్లలు. 1905లో అమెరికాలో జార్జ్ హేల్ అనే అగ్నిమాపక దళం అధికారి ఓ రైలు పెట్టెలాంటి గదిలో జనాన్ని కూర్చోబెట్టి, ఎదురుగా కదిలే దృశ్యాల తెర వేసి, గదిని ఊపి, రైలు ప్రయాణమని నమ్మించాడు. సినిమా హాళ్లు సరిగా పుట్టకముందే పుట్టిన హాలు అది. 1952లో సినిరామా అనే అతి వెడల్పు తెరను ప్రపంచానికి చూపించాలనుకున్నప్పుడు, వాళ్లు మొట్టమొదట చూపిన దృశ్యం రోలర్ కోస్టర్ ముందు సీటులో కూర్చున్న అనుభవం. 1955లో డిస్నీల్యాండ్ తెరిచింది సినిమా మనిషి. 1915లోనే యూనివర్సల్ అధినేత కార్ల్ లామ్లే తన స్టూడియోకు టికెట్ పెట్టి జనాన్ని లోపలికి రానిచ్చాడు. 1992లో బోలిగర్, మాబిలార్డ్ అనే ఇద్దరు స్విస్ ఇంజినీర్లు పట్టా పైన, మనుషులు కింద కాళ్లు వేలాడేసుకుని పోయే కోస్టర్‌ను మొదటిసారి నిలబెట్టినప్పుడు దానికి పెట్టిన పేరు బ్యాట్‌మన్.

మన దగ్గరా అంతే. 1984లో 'మై డియర్ కుట్టిచాత్తన్' అనే తొలి భారతీయ త్రీడీ సినిమాను నిర్మించిన నవోదయ అప్పచ్చన్, తరవాత మద్రాసు శివార్లలో కిష్కింత అనే వినోద వనం పెట్టారు. తెలుగులో 'చిన్నారి చేతన'గా చూసిన సినిమా అదే. అందులో పిల్లలు గోడ మీదా, పైకప్పు మీదా నడిచే పాట ఉంటుంది. కళా దర్శకుడు కె. శేఖర్ ఒక ఇనుప గదినే మొత్తంగా చక్రంలా తిప్పించారు. కెమెరా గదితోపాటు తిరిగింది, పిల్లలు మామూలుగా నడిచారు. ఆ సెట్టు ఒక సెట్టా, ఒక రాట్నమా? రెండూ. ముంబయిలో ఫిల్ములు కడిగే ల్యాబ్ నడిపిన మన్మోహన్ శెట్టి 2013లో ఖోపోలీ దగ్గర ఇమాజికా తెరిచారు. అక్కడి నైట్రో కోస్టర్ పైన చెప్పిన ఆ స్విస్ ఇద్దరి సంస్థ చేసిందే. ఇక మన రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి వేరే చెప్పాలా. 1996 నుంచి సినిమా తీసే చోటు, సినిమాను చూడ్డానికి వెళ్లే చోటు ఒకటే అయ్యాయి. అక్కడ మాహిష్మతి సెట్టు ముందు నిలబడి ఫోటోలు దిగేవాళ్లలో చాలామంది కళా దర్శకుడు సాబు సిరిల్ పేరు చెబుతారు. చెప్పాలి కూడా. అదే మనిషి గంట తరవాత ఓ ఆట ఎక్కి దిగి, ఇది కట్టిందెవరని అడగడు. అడగాలని తోచేలా ఎవరూ రాసి పెట్టలేదు.

పేరు చెరిగిపోవడం ఎంత సులువో చెప్పడానికి నాంపల్లి చాలు. అక్కడ ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. ఉస్మానియా పట్టభద్రుల ఆలోచన అది. 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. అక్కడ ఎత్తుగా తిరిగేదాన్ని మనం జెయింట్ వీల్ అంటాం. ఇంగ్లిషు దేశాలవాళ్లు ఫెర్రిస్ వీల్ అంటారు. జార్జ్ ఫెర్రిస్ అనే వంతెనల ఇంజినీరు 1893లో షికాగో ప్రదర్శన కోసం ఎనభై మీటర్ల చక్రం నిలబెట్టాడు. ముప్ఫై ఆరు పెట్టెలు, ఒక్కోదాంట్లో అరవైమంది. పారిస్ వారి ఈఫిల్ టవర్‌కు అది జవాబు. మూడేళ్లకే, ముప్ఫై ఏడో ఏట ఆయన కన్నుమూశాడు. ఆ చక్రాన్ని 1906లో కూల్చేశారు. మిగిలింది పేరొక్కటే. ఆ పేరు కూడా సముద్రం దాటి మన దగ్గరికి వచ్చేసరికి రాలిపోయింది. రంగులరాట్నం అనే ముద్దు మాట మనకుంది, బి.ఎన్.రెడ్డి తన సినిమాకు ఆ పేరే పెట్టుకున్నారు. ఆ మాట మనది. యంత్రం కట్టినవాడు మాత్రం మనకు ఎవరూ కాడు.

నుమాయిష్ రాట్నం లారీల్లో ముక్కలుగా వస్తుంది. డిసెంబరు చలిలో ఇనుప కమ్మీలు ఎక్కి పిన్నులు దిగ్గొట్టే కుర్రాళ్లను ఎప్పుడైనా చూశారా? ఊరు ఊరూ తిరిగే బతుకు వాళ్లది. ఏ నట్టు ఎంత బిగించాలో వాళ్ల మణికట్టుకు తెలుసు. నలభై ఆరు రోజుల తరవాత అంతా విప్పుకుని ఇంకో జాతరకు పోతారు. నా చిన్నప్పుడు మా ఊరి తిరునాళ్లలో ఓసారి రాట్నం పైన ఆగిపోయింది. నేను పైపెట్టెలో ఉన్నాను. కింద ఎవరో ఒకాయన లుంగీ ఎగగట్టుకుని చక్రం ఆకు మీదుగా పాకి వచ్చి, ఇరుసు దగ్గర ఏదో సరిచేసి, మా వైపు చూసి నవ్వి, దిగిపోయాడు. అమ్మ ఆయన్ను వెతికి పది రూపాయలు ఇవ్వబోయింది. అప్పటికే ఇంకో పనిలో పడ్డాడు. ఆయన పేరు ఆ రోజు ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ల తరవాత అడగాలనుకున్నా ఎవర్ని అడగను?

పేరు అంటే పొగడ్త ఒక్కటే అని నేను అనుకోవడం లేదు. పేరు పూచీ కూడా. ఏ ఊళ్లోనైనా ఆట విరిగి పిల్లలకు దెబ్బలు తగిలినప్పుడు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే: ఇది ఎవరు చేశారు, ఎవరు చూశారు? అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. యంత్రం ఒకరిది, మైదానం ఒకరిది, కాంట్రాక్టు ఒకరిది, బటన్ నొక్కింది ఇంకొకరు. భారత ప్రమాణాల సంస్థ వినోదపు ఆటల భద్రత కోసం ఐఎస్ 15475 పేరిట నియమావళి రాసి పెట్టింది. నియమం కాగితం మీద ఉంటే సరిపోదు. క్యూలో నిలబడ్డ తల్లి కంటికి కనిపించాలి. సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్‌ను ముందు తెర మీద చూపించి తరవాతే బొమ్మ వేస్తారు. మూడు గంటలు కుర్చీలో కూర్చునేదానికి అంత పద్ధతి ఉన్నప్పుడు, రెండు నిమిషాలు ప్రాణాన్ని గాలిలో పెట్టేదానికి అందులో నాలుగో వంతైనా ఉండొద్దా?

పెద్ద పార్కులవాళ్లు ఈ విషయంలో లోపల్లోపల ఎంతో కష్టపడతారు. గేటు తెరవకముందే పట్టా వెంట నడిచి చూస్తారు, ఖాళీ రైలును తిప్పి చూస్తారు. ఆ శ్రమ గురించి వాళ్లు చెప్పుకోరు. సినిమావాళ్లకు మేకింగ్ వీడియో ఉన్నట్టు, వీళ్లకు ఒక బోర్డయినా ఎందుకు ఉండకూడదు? భయం తగ్గితే సరదా తగ్గుతుందని అనుకుంటారేమో. అలా జరగదు. ట్రిక్ తెలిసిన తరవాత కూడా మాయాబజార్‌ను మనం ఎన్నిసార్లు చూడలేదు? ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే అందులో వెన్నెల ఎలా సృష్టించారో తెలిసినవాడికి ఆ వెన్నెల ఇంకాస్త చల్లగానే ఉంటుంది.

ఇంకో ఆశ కూడా దాచుకోకుండా చెబుతాను. మనం కొనుక్కోవడం దగ్గరే ఆగిపోకూడదు. కోల్‌కతా నిక్కో పార్కువారు 2003లో చెక్కతో సైక్లోన్ కోస్టర్‌ను తామే కట్టుకున్నారు. వండర్‌లా పెట్టిన చిట్టిలపిల్లి కుటుంబం వోల్టేజి స్టెబిలైజర్లు చేసుకుంటూ ఈ రంగంలోకి వచ్చింది. వెకోమా నాగళ్ల కాలం నుంచి వచ్చింది. ఎవరూ పుట్టుకతో రాట్నాలు చేయలేదు. ఫిల్మ్ నగర్, కృష్ణానగర్ సందుల్లో ఫైబర్‌తో ఏనుగును పోతపోసేవాళ్లున్నారు. మూడు రోజుల్లో గుడి లేపి నాలుగో రోజు విప్పేవాళ్లున్నారు. ఫైటర్లను తాళ్ల మీద ఎగరేసి గాజు తగలకుండా దింపే రోప్ మాస్టర్లున్నారు. కెమెరా ట్రాలీ వణక్కుండా ఎగుడు దిగుడు నేల మీద చెక్క ముక్కలు దోపి పట్టా పరిచే చేతులున్నాయి. ఇటువైపు ఇంజినీరింగ్ కళాశాలల నుంచి ఏటా వేలమంది బయటికొస్తున్నారు. వాళ్లలో ఒకరికి స్టెంగెల్ గీత ఆసక్తి పుట్టించి, ఆ పిల్లవాడు కృష్ణానగర్ సందులో ఓ వెల్డర్ పక్కన కూర్చుంటే ఏం జరుగుతుందో నాకు చూడాలని ఉంది. న్యూజెర్సీ ఎడిసన్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్ల పిల్లలు ఎన్నో వేసవులు కింగ్డా కా అనే కోస్టర్ కింద నిలబడి 139 మీటర్ల శిఖరం వైపు తలెత్తి చూశారు. 2005 నుంచి 2024 దాకా నడిచిన ఆ కోస్టర్‌ను 2025 ఫిబ్రవరిలో కూల్చేశారు. ఆ పిల్లల్లో ఎవరో ఒకరు ఇలాంటిది నేనే గీస్తానని అనుకునే ఉంటారు.

అలా అనుకోవాలంటే ముందు ఇది ఎవరో గీసిందేనని తెలియాలి. అందుకే ఒక చిన్న విన్నపం. వినోద పార్కుల యాజమాన్యాలకు, నుమాయిష్ నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీకి, జాతరల్లో ఆటలకు అనుమతులిచ్చే అధికారులకు. ప్రతి ఆట ముందు, క్యూ మొదట్లో, తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. ఇది గీసిందెవరు, తయారుచేసిందెవరు, ఏ ఏడాది నిలబెట్టారు, ఇవాళ పొద్దున పరీక్షించి సంతకం చేసిందెవరు, ఇప్పుడు నడుపుతున్నదెవరు. అయిదు వరసలు. బిగించిన కుర్రాళ్ల పేర్లు కూడా రాస్తే ఇంకా మంచిది. ఒక రేకు, కాస్త పెయింటు, పేరు రాసే పెయింటరుకు ఒక పూట కూలి, ఖర్చు ఇంతే. నుమాయిష్ జనవరి 1న మొదలవుతుంది. ఆ లోపు రాయించండి.